మూసాపేటకు వచ్చిన జపాన్ కరెంటు

మొన్న మా మేనకోడలు ఆఫీసు పని మీద జర్మనీ వెళ్తూ కొండాపూర్‌లోని తన ఫ్లాటంతా తలకిందులు చేసింది. పాస్‌పోర్టు దొరికింది, స్వెట్టరు దొరికింది. దొరకనిదల్లా ఏ దేశపు గోడలోనైనా దూరే ఆ ప్లగ్గు. దానికి నాలుగు రకాల కాళ్లుంటాయి. ఏ దేశం వెళ్తే ఆ కాళ్లు బయటికి లాగాలి.

"అది లేకుండా నేను ఫ్లైట్ ఎక్కను అత్తా. అక్కడ ఫోన్ చచ్చిపోతే నేనూ చచ్చినట్టే" అంది.

"మా చిన్నప్పుడు ఈ బాధ లేదే. జపాన్ కరెంటే మూసాపేటకు వచ్చేది. రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి ఏడింటికి వెళ్లిపోయేది" అన్నాను.

"మళ్లీ మొదలుపెట్టావా!" అని సోఫా కింద నుంచి వినిపించింది.

నా మాట ఎవరూ నమ్మరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నేను తాబేలు మీద కూర్చుని చెరువు దాటి బడికి వెళ్లేదాన్నని ఇదే పిల్లకు చెప్పి, అది నిజమేనని ఈ పిల్ల టీచరుతో వాదించి గోడకుర్చీ వేసేదాకా తెచ్చినదాన్ని. కానీ జపాన్ కరెంటు సంగతి మాత్రం, అక్కడక్కడ నేను పూసిన రంగు గీకేస్తే, కింద ఉన్నదంతా నిజమే. ఈసారి గీకేసే చెప్తాను.

డెబ్భైల నడిమి మాట. ఇప్పుడు మూసాపేట మెట్రో మెట్లు దిగి కాస్త లోపలికి నడిస్తే వచ్చే చోట మా ఇల్లుండేది. ఇంటి వెనక వంకాయ మడి, దాని వెనక మా బావి, బావి అవతల ఎవరెవరివో అంగూరు తోటలు, అంటే ద్రాక్ష తోటలు. నాకు పన్నెండేళ్లు. బడికి వెళ్లడం నా రెండో ఉద్యోగం. మొదటిది నాయనమ్మకు చెవిగా ఉండటం.

నాయనమ్మకు ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి, పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది ముప్పాతిక పోయింది. ఆ మిగిలిన పావు చెవిలోకి మాట పంపడం అందరికీ చేతనయ్యేది కాదు. మా నాయిన అరిస్తే ఆమెకు ఏదో కొట్లాటలా వినిపించేది. మా అమ్మ అరిస్తే అసలు వినిపించేదే కాదు. వినిపించకూడదనే అమ్మ అలా అరిచేదని నా అనుమానం. నేను మాత్రం ఆమె చెవి దగ్గర రెండు చేతులూ దొప్పలా పట్టి, అందులో నోరు పెట్టి, ఒక్కో మాట విడదీసి పంపేదాన్ని. అది చేరేది. అందుకని ఇంటికి ఎవరొచ్చినా నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టేవాళ్లు. వచ్చినవాళ్ల మాట నేను చెవిలో వేసేదాన్ని. జవాబు ఆమె తన నోటితోనే చెప్పేది.

చిక్కల్లా ఏమిటంటే, వచ్చినవాళ్లు చెప్పేవన్నీ చప్పిడి మాటలు. వాన పడలేదు, పప్పు ఉడకలేదు, అల్లుడు రాలేదు. గొంతు చించుకుని చెవిలో వేసేంత సరుకు వాటిలో లేదనిపించేది. కాస్త ఉప్పూ కారం తగిలించేదాన్ని. పాలు పోసే ఆమె "మా బర్రె ఈనింది" అంటే నేను "బర్రె ఈనిందంట, దూడకు మూడు కండ్లంట" అని చేరవేశాను. నాయనమ్మ బుగ్గలు నొక్కుకుని "నా తల్లో!" అంది. తన బర్రె ఈనితే ముసలామె ఇంత మురిసిపోయిందని పాలామె కూడా సంతోషంగా వెళ్లిపోయింది. ఇందులో నష్టపోయింది ఎవరు?

నష్టం జరిగింది వేరే అబద్ధంలో. సిగ్గుగా ఉన్నా అది చెప్పకపోతే కథ నడవదు.

నాయనమ్మ చెల్లెలు కొత్తగూడలో ఉండేది. ఇప్పుడు ఫ్లైఓవర్ మీద కార్లు నిలబడిపోయే ఆ కూడలిలో అప్పుడు పెద్ద పెద్ద రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య కొన్ని ఇళ్లు, అంతే. ఆ చిన్న నాయనమ్మ ఏడాదికోసారి మా ఊరి బోనాలకు ఎడ్లబండిలో మాదాపూర్ రాళ్ల మీదుగా వచ్చేది. పొద్దున వచ్చి, పొద్దు వాలకముందే బయల్దేరేది. బండి ఎక్కే ముందు ప్రతిసారీ ఒకటే మాట.

"అక్కా, ఈ ఏడన్న మా ఇంటికి రా. నెల దినాలుండు."

మొదటిసారి ఆ మాట చెవిలో వేయాల్సి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నెల రోజులు! నేను ఎవరి పక్కన పడుకోవాలి? నా వీపు ఎవరు గోకాలి? మూడు కళ్ల దూడల్ని ఎవరి చెవిలో కట్టేయాలి? చేతులు దొప్పలా పట్టి, "నీ మోకాళ్లు ఎట్లున్నయని అడుగుతుంది" అన్నాను.

నాయనమ్మ నిట్టూర్చి, "ఏడ చెల్లె, సాతనైతలేదు" అంది.

చేతకావడం లేదని ఆమె అన్నది మోకాళ్ల గురించి. రాలేనంటోందనుకుని చిన్న నాయనమ్మ మొహం చిన్నబోయింది. బండి కదిలిపోయింది. ఆ మరుసటి ఏడూ అదే ప్రశ్న, అదే మోకాళ్లు, అదే జవాబు. ఆ పై ఏడూ అంతే.

నేను చేసిన పని ఎంతదూరం పోయిందో మూడో ఏడు తెలిసింది. బండి మలుపు తిరిగాక నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఎవరితోనో కాదు, తనలో తనే అంది: "తోడబుట్టింది. ఏటా వస్తది, నా చేతి అన్నం తింటది, పోతది. 'అక్కా, నా ఇంటికి రా' అని ఒక్కనాడన్న అన్నదా? చెవిటిదాన్ని ఎవరు పిలుస్తరు తియ్." ఆ రాత్రి ఆమె నా వీపు గోకుతుంటే నాకు హాయిగా లేదు. కానీ నిజం చెప్పే ధైర్యం కూడా లేదు. ఒకసారి చెప్తే దూడ మూడో కన్ను దగ్గర్నుంచి అన్నీ బయటపడతాయి.

ఇప్పుడు జపాన్ దగ్గరికి వస్తాను.

మా ముందు గదిలో ఒక సారు కిరాయికి ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. కొత్త మిషన్లు నడపడం నేర్చుకు రమ్మని ఫ్యాక్టరీవాళ్లు ఆయన్ని నాలుగు నెలలు జపాన్ పంపారు. ఆయన అక్కడుండగా ఇక్కడ ఆయన భార్యకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. రిక్షా పిలిచి దవాఖానకు తీసుకుపోయింది, దగ్గరుండి కనిపెట్టుకుంది, ఇంటికొచ్చాక బిడ్డకు రోజూ నీళ్లు పోసింది నాయనమ్మే. సారు తిరిగొచ్చి, ఒక చేత్తో కూతుర్ని ఎత్తుకుని, రెండో చేత్తో నాయనమ్మ ముందు చిన్న అట్టపెట్టె పెట్టారు.

"మామ్మగారూ, ఇది మీకేనండి. కాదనకూడదు."

పెట్టెలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన మిషను. దాన్నుంచి సన్న తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ల. మిషనును నాయనమ్మ రవికకు తగిలించి, బిళ్లను ఎడమ చెవిలో పెట్టించి, సారు పక్కనున్న చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పారు.

అందరం ఆమె మొహం వైపే చూస్తున్నాం. నాయనమ్మ ముందు మా అమ్మ చేతుల వైపు చూసింది. "ఏందే, నీ గాజులు గంత లొల్లి చేస్తున్నయ్?" అంది. అంతలో సారు చేతిలోని పసిపిల్ల ఏడ్చింది. నెలన్నరగా తన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్న ఆ పిల్ల గొంతు ఆమె అప్పటిదాకా వినలేదు.

"గింత సన్నగ ఏడుస్తదా ఇది!" అని నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికారు. పొయ్యి దగ్గర అమ్మ గొణుగుడు ఆగిపోయింది. నాయిన గురక సంగతి నాయనమ్మ వాడంతా చెప్పింది. ఫ్యాక్టరీ సైరన్ మోగితే "ఇది ఇంక బతికే ఉన్నదా!" అని చుట్టాన్ని చూసినట్టు అటువైపు చూసింది. మూడో రోజు పాలామె వచ్చింది.

"ఏం బిడ్డా, నీ మూడు కండ్ల దూడ మంచిగున్నదా?"

"మూడు కండ్లేంది పెద్దమ్మా? అన్ని దూడలకున్నట్టు రెండే."

నాయనమ్మ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ సాయంత్రం మాత్రం మా అమ్మతో అంది: "ఈసారి బోనాలకు నా చెల్లె ఏమంటదో నా చెవితోనే ఇంట. పిలుస్తదో పిలువదో తేలిపోతది."

పదో రోజు పొద్దున మిషను మూగబోయింది. బోనాలు ఇంకా వారం ఉన్నాయి.

అందులో చింతగింజంత బ్యాటరీ ఉంటుంది. దాన్ని తీసి ఒక చిన్న నల్ల డబ్బాలో పెట్టి, డబ్బాను గోడకు గుచ్చితే మళ్లీ బలం పుంజుకుంటుంది. డబ్బా కూడా సారు తెచ్చారు. కానీ దాని కాళ్లు రెండు రేకు ముక్కల్లా బల్లపరుపుగా ఉన్నాయి, మా గోడకున్న రంధ్రాలేమో గుండ్రటివి. అది పెద్ద చిక్కు కాదు. సారు ఆ కాళ్లకు తీగలు చుట్టి నల్లటేపు వేశారు, తీగల రెండో కొసలు రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలు బిగిస్తే సరిపోతుంది. అసలు చిక్కు గోడ లోపల ఉంది.

"మన కరెంటు రెండొందల ముప్ఫై ఓల్టులండి. జపాన్‌లో వందే. మనది పెడితే డబ్బా ఒక్క దెబ్బకి మాడిపోద్ది" అన్నారు సారు. "మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కోఠీలో చుట్టి ఇమ్మని చెప్పానండి, ఇరవై రోజులంటున్నాడు."

నేను చెవిలో చెప్పాను. నాయనమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. వారం దాకా వచ్చి ఆగిపోయింది. మిషనును కొంగు చివర కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సారు మొహం చూడలేకపోయాం. "నేను లేత్ మిషన్ల మనిషినండి, ఈ కరెంటు గొడవ ముందే ఆలోచించాల్సింది" అని ఆయన తల పట్టుకున్నారు.

దారి చూపింది మా నాయిన. చూపుతున్నానని ఆయనకు తెలీదు. ఓదార్పుగా అన్నాడు: "మన కరెంటుకు గంత బలం ఏడున్నది సారూ? పొద్దు వాలితే అందరు మోటార్లు ఏస్తరు. బల్బు జూస్తే మిణుగురు పురుగు నయమనిపిస్తది."

సారు తల ఎత్తారు. "మళ్లీ చెప్పండి?"

మర్నాడు ఆయన ఫ్యాక్టరీ నుంచి ఓల్టు మీటరు అడిగి తెచ్చారు. గుండ్రటి అద్దం, అందులో సన్నటి ముల్లు. మధ్యాహ్నం పెడితే ముల్లు రెండొందల ఇరవై దగ్గర నిలబడింది. నాలుగైంది. బావి దగ్గర మా నాయిన మోటారు వేశాడు. ముల్లు కాస్త వంగింది. పక్క తోటవాళ్లు వేశారు, ఇంకాస్త వంగింది. ఆ తర్వాత అంగూరు తోటలన్నీ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. నూటఎనభై, నూటయాభై, నూటఇరవై. ఆఖరికి ముల్లు నూటఐదు దగ్గర వణుకుతూ ఆగింది. సారు గోడను చూసి అరిచారు.

"మామ్మగారూ! జపాన్ వచ్చేసిందండి!"

"ఏమంటుండు?" అంది నాయనమ్మ.

"జపాన్ వచ్చిందంట" అన్నాను చెవిలో. నాయనమ్మ వాకిలి వైపు చూసింది.

అలా మొదలైంది. మీటరు మర్నాడే ఫ్యాక్టరీకి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి సారు నాకు బల్బుతో కొలవడం నేర్పారు. "తలెత్తి బల్బు చూస్తూ కూర్చో అమ్మాయ్. లోపలి తీగ కొలిమిలో మేకులాగా ఎర్రగా, లెక్కపెట్టేలా కనపడితే మనకి ఢోకా లేదు. పసుపుపచ్చగా మారిందా, ఆ క్షణమే స్విచ్చి ఆపెయ్యి. ఒక్క నిమిషం ఆలస్యం చేసినా డబ్బా ఉండదు." ఆయనకు మర్నాటి నుంచి సాయంత్రం షిఫ్టు. నాయిన, అమ్మ మడి దగ్గర. ఇంట్లో మిగిలేది నేనూ నాయనమ్మా. ఆ మిషను ఎన్నటికీ లేవకూడదని లోలోపల కోరుకునే మనిషి ఊళ్లో ఒక్కతే ఉంటే, దాని స్విచ్చి సరిగ్గా ఆ మనిషి చేతికే వచ్చింది.

బుధవారం బాగా నడిచింది. మూడు గంటలు మెడ నొప్పి పుట్టేలా బల్బు చూశాను. నాయనమ్మ నా ఎదురుగా పీట వేసుకుని, పప్పు ఏరుతూ, మధ్య మధ్య తనూ బల్బు వైపు చూసేది.

గురువారం మబ్బు పట్టింది. ఆషాఢం వచ్చినా అప్పటిదాకా చినుకు లేదు, ఊరంతా వాన కోసం ఎదురు చూస్తోంది. వాన పడితే ఎవరూ మోటారు వేయరు. మోటార్లు లేకపోతే జపాన్ రాదు. వాడంతా ఆకాశం వైపు చూసి దండం పెడుతుంటే, మా నాయనమ్మ ఒక్కతే వాకిట్లో నిలబడి, "జర ఆగు తల్లీ, ఆదివారం దాటినంక ఎంతన్న కురువు" అని పోచమ్మను బతిమాలింది. ఇరుగు పొరుగు ఆడవాళ్లు విని మొహాలు చూసుకున్నారు. నాలుగు చినుకులు పడగానే తోటలవాళ్లు మోటార్లు ఆపబోతే నాయిన గట్ల వెంబడి పరుగెత్తాడు.

"జర ఆపకురి భై! మా అమ్మ చెవి నిండుతున్నది!"

"నీ అమ్మ చెవికి నా మోటారుకు ఏం సంబంధమే?"

"మస్తు కథ, రేపు చెప్త. గంటసేపు నడువనియ్!"

ఈ సంగతి చెప్పేటప్పుడు నేను మామూలుగా పదకొండు మోటార్లు వానలో నడిచాయని చెప్తాను. గీకేసి చెప్తానన్నాను కాబట్టి నిజం: రెండు నడిచాయి, మాది మూడోది. మబ్బు దానంతటదే తేలిపోయింది కాబట్టి మిగతావీ మళ్లీ మొదలయ్యాయి, అప్పటిదాకా నేను స్విచ్చి ఆపే ఉంచాను. శుక్రవారం ఎండ కాసింది. జపాన్ టైముకు వచ్చి టైముకు వెళ్లింది.

శనివారం ఐదున్నరకు నిజమైన వాన వచ్చింది. పెంకుల మీద ఒక్కసారిగా రాళ్లు కుమ్మరించినట్టు. ఆ చప్పుడులోనే దూరంగా ఒక్కో మోటారు ఆగిపోవడం నాకు వినిపించింది. బల్బులో ఎర్ర తీగ నారింజ రంగైంది. ఆ తర్వాత పసుపు.

ఇక్కడ నేను పిల్లిలా ఎగిరి స్విచ్చి కొట్టానని చాలామందికి చెప్పాను. పిడుగు పడి చెయ్యి కొంకర్లు పోయిందని ఇంకొందరికి చెప్పాను. రెండూ కాదు. నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. నేను కదపలేదు. పసుపు రంగు గది మూలలదాకా పాకడం చూస్తూ కూర్చున్నాను. ఇది మాడిపోతే రేపు మళ్లీ నేనే చెవిని. "మోకాళ్లు ఎట్లున్నయ్" అంటే సరిపోతుంది. ఎదురుగా నాయనమ్మ పప్పు ఏరడం ఆపి బల్బు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా కాదు. బస్సు దిగాల్సిన చోటు దాటిపోతోందేమోనని పక్కవాళ్లను చూస్తామే, అలా చూసింది.

స్విచ్చి ఆపాను. అప్పటికే డబ్బా ముట్టుకోలేనంత వేడిగా ఉంది, కాలిన లక్క వాసన వేసింది. రాత్రి సారు విప్పి చూసి, "డబ్బా అయిపోయిందండి. బ్యాటరీలోకి ఎక్కినంత ఎక్కింది. ఇక అదే ఉన్నది" అన్నారు. వాన తొందరగా వచ్చిందని అందరూ వానను తిట్టారు. నేనూ తిట్టాను.

ఆదివారం నాయనమ్మ మిషను పెట్టుకుని, చక్రం తిప్పకుండా కూర్చుంది. చెల్లెలు వచ్చేదాకా ఒక్క చుక్క ఖర్చు చేయనంది. వీధిలో డప్పులు మోగుతుంటే, నెత్తిన బోనాలతో ఆడవాళ్లు వెళ్తుంటే, చూస్తూ కూర్చుందే గాని వినలేదు. "బండి వచ్చిందా?" అని పది సార్లు అడిగింది. వచ్చాక చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు చక్రం తిప్పింది.

"ఇగ మాట్లాడవే. నీ గొంతు ఇని ఎన్నేండ్లాయెనో!"

చిన్న నాయనమ్మ ముందు మిషను చూసి భయపడింది, తర్వాత నవ్వింది, తర్వాత వాగడం మొదలుపెట్టింది. రాత్రి వాన, కొత్తగూడ వాగు, ఎద్దు కుంటడం, కోడలు ఉప్పు ఎక్కువేయడం, ఎవరో సీతాఫలాలు కోసుకుపోవడం. నాయనమ్మ ముందుకు వంగి, ఒక్కో మాటకూ తల ఊపుతూ వింది. జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరి మధ్య నాకు పని లేదు. ఇప్పుడంటుందా? ఇప్పుడు? అనలేదు. అన్నం తిన్నారు, అనలేదు. పొద్దు వాలింది, అనలేదు.

వంటింట్లో అమ్మ అడగనే అడిగింది: "చిన్నత్తా, అత్తను తోలుకపోతవా ఈసారి?"

"ఎన్నిసార్లు పిలువాలె బిడ్డా? మూడేండ్లు పిలిచిన. 'సాతనైతలేదు' అంటది, గంతే. అక్కకు నా ఇల్లు ఆనదేమో. ఈ ఏడు పిలువ."

నేను తలుపు చాటున నిలబడి ఆ మాట విన్నాను. నాయనమ్మ వినగలిగే రోజు చూసి చిన్న నాయనమ్మ నోరు మూసుకుంది. అది నేను మూసిన నోరు.

వాకిట్లో కాక బండి కట్టాడు. ఈ కాక అంటే చిన్న నాయనమ్మ కొడుకు. ఇద్దరు ముసలాళ్లూ బండి దగ్గర నిలబడ్డారు. నాయనమ్మ మిషనును వేలితో ఒకసారి తట్టి, తల అడ్డంగా ఊపింది. బ్యాటరీ అయిపోయిందని అర్థమైంది నాకు.

"పోయొస్త అక్కా" అంది చిన్న నాయనమ్మ. "ఎద్దు కుంటుతున్నది, చీకటి పడక ముందే పోవాలె."

నాయనమ్మ కదలకుండా ఆమె మొహం వైపే చూస్తోంది. నేను వాళ్లిద్దరి మధ్యకు దూరి, చేతులు దొప్పలా పట్టి, ఊపిరంతా కూడగట్టి అరిచాను.

"నిన్ను తమ ఇంటికి రమ్మంటుంది! గీ బండిలనే! నెల దినాలుండుమంటుంది!"

ఎడ్లు బెదిరాయి. చిన్న నాయనమ్మ తెల్లబోయి నన్ను చూసింది. "నేనెప్పుడన్నా..." అని మొదలుపెట్టి, అక్క మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గాని, బండి మీద నుంచి గడ్డి పక్కకు తోసి చోటు చేసింది.

"అవు అక్కా, రా! రమ్మనే గదా మూడేండ్ల సంది మొత్తుకుంటున్న!"

"నా రెండు చీరలు తేపో" అంది నాయనమ్మ నాతో. మోకాళ్ల నొప్పులున్న మనిషి బండి చక్రం మీద కాలు పెట్టి, కాక చెయ్యి అందించేలోపే ఎక్కి కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నెల రోజులు నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నాయనమ్మ తిరిగొచ్చేసరికి కోఠీ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. చింతగింజంత బ్యాటరీకి ఇటుకంత ఇనుము. నల్ల డబ్బా మాడిపోయింది కాబట్టి దానితో పనేమీ లేక అమ్మ దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం నేను ఎప్పట్లాగే నాయనమ్మ ఎడమ పక్కన కూర్చున్నాను. ఆమె కొంగు విప్పి మిషను నా చేతిలో పెట్టింది.

"ఇది ఎప్పుడు సచ్చిందో ఎరుకేనా?"

"బోనాల నాడు. బండి కాడ" అన్నాను చెవిలో.

"కాదు. కొత్తగూడ గుండ్లు కనవడ్డంక సచ్చింది. బండి కాడ మంచిగనే నడుస్తుండె."

నేను తల దించుకున్నాను. బండి దగ్గర ఆమె తల ఊపింది బ్యాటరీ గురించి కాదని, చెల్లెలు ఇక పిలవదనేనని అప్పుడు తెలిసింది.

"నా చెల్లె పిలువలే. పోయొస్త అన్నది. నేనిన్న. నువ్వు ఒర్రినవ్. గంత దగ్గర ఒర్రుతరానే? చెవి గుయ్యిమన్నది." "తొవ్వంతా అది ఏడ్సుకుంట చెప్పింది. మూడేండ్లు పిలిచిందంట. అది గూడ మంచిగనే ఇనవడ్డది."

నేను మిషను చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నాయనమ్మ నా వీపు మీద చెయ్యి వేసి గోకడం మొదలుపెట్టింది. తర్వాత ఎడమ చెవి నా వైపు తిప్పింది.

"ఇగ చెప్పు. నేను లేనప్పుడు వాడల ఏమేమైంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాలె."

చేతులు దొప్పలా పట్టి, నెల రోజుల సంగతులూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు. సగం కూడా కాకముందే నాయనమ్మ నిద్రపోయింది.